లీటరు పెట్రోలు ఎక్కడికి పోవును?

అనంతపురము, కదిరి, హిందూపురము, గుంతకల్లు వంటి పట్టణములలో ఏ మెకానిక్కు షెడ్డు ముందర కొంతసేపు నిలుచున్నను ఒక ప్రశ్న తప్పక చెవిని బడును: "ఏమప్పా, బండి పెట్రోలు శానా తాగతాంది, ఏంజేయల్ల?" అడుగువాని వెనుక నిలిచియుండునది పలుమారులు పాత మారుతి వ్యానే. 1984వ సంవత్సరమున మన దేశపు రోడ్ల మీదికి వచ్చి, పిమ్మట ఓమ్ని యను పేర చెలామణియై, 2019లో తయారీ నిలిచిపోయిన ఈ చిన్న బండికి 796 సీసీల, మూడు సిలిండర్ల ఇంజను ముందు సీట్ల క్రిందనే యుండును. కావున వెనుకనున్న చోటంతయు ఖాళీయే. ఆ ఖాళీ చోటులో సీటు తీసివేసి, బల్ల కొట్టించి, పరుపు పరచి, ఒక చిన్న పొయ్యి, నీళ్ల క్యాను, బియ్యపు సంచి సర్దుకొని, కదిరి నరసింహస్వామి తేరుకో, లేపాక్షికో, తిరుపతికో సకుటుంబముగా పోయి, సత్రపు గదికై వెదకక బండిలోనే తలవాల్చి వచ్చువారు ఈ కరవుసీమలో లేకపోలేదు. జర్మనీ దేశమున 1950లో వోక్స్‌వ్యాగన్ వ్యాను వెలువడగా, మరుసటి యేడే వెస్ట్‌ఫాలియా యను సంస్థ దానిలో పడకను, అలమరను అమర్చి సంచారగృహముగా అమ్మజొచ్చెను. మనవాడు ఆ పనిని వీధి వడ్రంగిచేత చేయించుకొన్నాడు.

అట్టి బండి ట్యాంకులో పోసిన లీటరు పెట్రోలు ఏ త్రోవన పోవుచున్నదో, ఆ త్రోవలలో దేనిని మనము కట్టడి చేయగలమో ఈ అధ్యాయమున విచారింతము. ఏదో ఒక పొడి, ఏదో ఒక అయస్కాంతము, గొట్టమునకు తగిలించు ఏదో ఒక పరికరము పేరు వినగోరి ఈ పుటలు తెరచినవారికి ముందే ఒక మాట చెప్పుట ఉచితము. అమెరికా ప్రభుత్వపు పర్యావరణ సంస్థ ఇట్టి సరకులను నూటికి పైగా పరీక్షించియు, చెప్పుకోదగిన ఆదా చేయుదానిని ఒక్కదానినైన కనుగొనలేదు. 1996లో తమిళనాట ఆకులలములనుండి పెట్రోలు తీయవచ్చునను వార్త పుట్టి దేశమంతయు అట్టుడికినది. ఇన్ని యేండ్లు గడచినను ఏ బంకులోను మూలికల పెట్రోలు పోయుటలేదు.

నూటిలో ఇరువది పాళ్లు

పెట్రోలు మండగా పుట్టు వేడిమి అంతయు చక్రములకు చేరునని మనము తలంతుము. యథార్థమున నూరు పాళ్లలో అరువదికి పైగా పొగగొట్టము వెంట, రేడియేటరు వెంట వట్టి వేడిగా గాలిలో కలిసిపోవును. మరికొన్ని పాళ్లను ఇంజను తన లోపలి రాపిడికి, గాలిని పీల్చి విడుచుటకు తానే ఖర్చు చేసికొనును. కట్టకడకు చక్రములకు దక్కునది ఇరువది పాళ్లు, మహా అయినచో ఇరువదియైదు.

అనంతపురము రైతునకు ఈ లెక్క క్రొత్త కాదు. బోరు ఒక గట్టున, చీనీతోట మరియొక గట్టున ఉండి, నడుమ మట్టికాలువ యున్నప్పుడు, మోటారు ఎత్తిపోసిన నీటిలో ఎక్కువ భాగము కాలువ అడుగున ఇంకియు, ఎండకు ఆవిరియై పోయియు, ఏ కొంచెమో చెట్ల పాదులకు చేరుట అతడు తండ్రి తాతల నాటినుండి చూచుచున్నదే. అయితే భేద మొకటి కలదు. మట్టికాలువకు బదులు పైపు వేయవచ్చును, డ్రిప్పు పరవవచ్చును. ఇంజనుకు అట్టి పైపు లేదు. వేడిని పనిగా మార్చు యంత్ర మేదైనను ఆ వేడిలో కొంత భాగమును చల్లని చోటికి విడువక తప్పదని 1824లో సాడీ కార్నో యను ఫ్రెంచి ఇంజనీరు తెలిపెను. ఆ నియమమును ఏ మెకానిక్కును తప్పింపజాలడు. మనకు సాధ్యమైన పని కాలువ కొసన, అనగా పాదుల దగ్గర, నీరు వృథాగా పొరలిపోకుండ చూచుకొనుటయే.

అది అల్పమైన పని యని చులకన చేయరాదు. చక్రమునొద్ద ఒక పాలు శక్తి మిగిలినచో, దానిని అందించుటకు ట్యాంకునుండి పోవలసిన నాలుగైదు పాళ్లు మిగిలినట్లే. చక్రములకు చేరిన శక్తి మూడు చోట్ల వ్యయమగుచుండును: ఎదుటి గాలిని త్రోయుటలో ఒకటి, టైరు నలుగుటలో ఒకటి, వేగము పెంచుకొని ఆ వేగమును మరల బ్రేకులలో కాల్చివేయుటలో ఇంకొకటి.

గాలికి చెల్లించు పన్ను

ఓమ్ని ముఖము గోడవలె నిలువుగా నుండును. ఇట్టి బండి ముందుకు సాగునప్పుడు గాలి ప్రక్కలకు జారిపోక, ముఖమునకు అడ్డుపడి, వెనుకవైపు సుడులు తిరుగును. ఈ గాలి యడ్డు వేగముతో పాటు సమముగా పెరుగదు, వేగపు వర్గము చొప్పున పెరుగును. గంటకు 50 కిలోమీటర్ల వేగమును 80కి పెంచినచో వేగము ఒకటిన్నర రెట్లకు పై చిల్లర మాత్రమే పెరిగినది గాని, అడ్డుపడు బలము రెండున్నర రెట్లయినది. నలుబదినాలుగవ నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసలుగా, నున్నగా, తిన్నగా గుత్తినుండి కొడికొండ వరకు పరచుకొని యున్నందున, పాత వ్యాను నడుపువాడును ప్రక్కన పోవు క్రొత్త కారును చూచి పందెమునకు దిగును. పెట్రోలు అధికముగా పోవునది అచ్చటనే. టాపు గేరులో గంటకు 55, 60 కిలోమీటర్లు మించకుండ పోవు ఓమ్నికిని, 85లో ఇంజను అరచుచు పోవు ఓమ్నికిని లీటరుకు వచ్చు మైలేజీలో గల భేదము, ఏ సర్వీసింగు వలనను కలుగు భేదముకంటె పెద్దది.

ఇచ్చటి గాలిని గూర్చి వేరుగ ఒక మాట చెప్పవలసియున్నది. నైరుతి ఋతుపవనములు మేఘములను పడమటి కనుమలకు ఆవలనే కురిపించి, వట్టి గాలిని మాత్రము ఈ మెట్టసీమకు పంపుచుండును. వాన లేకున్నను గాలికి మాత్రము కొదువ లేదు. అందులకే రామగిరి కొండలపై 1990ల నాటికే గాలిమరలు వెలసినవి. ఆషాఢ శ్రావణములలో బెంగుళూరు దిక్కునకు పోవు బండికి ఈ గాలి చాలవరకు ఎదురుగా వచ్చును. గంటకు 20 కిలోమీటర్ల ఎదురుగాలిలో 60 వేగమున పోవు వ్యాను, గాలి లెక్కకు 80 వేగమున పోవుచున్నట్లే. అడ్డుబలము ఒకటిన్నర రెట్లు దాటి రెండింతలకు సమీపించును. తిరుగు ప్రయాణమున అదే గాలి వీపున త్రోయును. వెళ్లునప్పుడు మైలేజీ పడిపోయినదని కంగారుపడి కార్బ్యురేటరు విప్పించువారు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. టాపుమీది క్యారియరును, దానిపై కట్టిన పరుపుచుట్టను, నీళ్ల డ్రమ్మును గాలి ఊరక పోనీయదు; సామాను లేనప్పుడు క్యారియరును విప్పి ఇంట పెట్టుట మేలు.

ఎత్తు ఎక్కుట విషయమున మాత్రము జనులలో అపోహ కలదు. అనంతపురము సముద్రమట్టమునకు సుమారు 335 మీటర్ల ఎత్తున, బెంగుళూరు సుమారు 920 మీటర్ల ఎత్తున ఉన్నవి. నలుగురు మనుష్యులతో, పడక సామానుతో పదకొండున్నర క్వింటాళ్లు తూగు వ్యానును ఆ ఎత్తుకు ఎక్కించుటకు పట్టు అదనపు పెట్రోలును లెక్కగట్టినచో అది ముప్పాతిక లీటరు మాత్రమే. రెండు వందల పై చిల్లర కిలోమీటర్ల ప్రయాణమున పదునైదు లీటర్లు పోవుచుండగా ఇది పెద్ద భాగము కాదు. దిగుచు వచ్చునప్పుడు అందులో కొంత తిరిగి దక్కును గూడ. పెనుకొండ దగ్గరి వాలులలో న్యూట్రలున వేసి, ఇంజను ఆపి జారవిడుచువారున్నారు. వ్యాక్యూము సాయమున పనిచేయు బ్రేకులున్న బండిలో ఇంజను ఆగినపిదప రెండు మూడు త్రొక్కులకే ఆ సాయము నశించి పెడలు రాయివలె బిగియును. ఫ్యూయల్ ఇంజెక్షను గల బండిలోనైతే, గేరులోనుంచి యాక్సిలేటరు వదలినచో ఇంజను తానే పెట్రోలును నిలిపివేయును. న్యూట్రలు వలన లాభమునకు బదులు నష్టమే.

టైర్ల సంగతి రెండు మాటలలో ముగించవచ్చును. గాలి తగ్గిన టైరు నేలనంటిన ప్రతిసారియు నలిగి, ఆ నలుగుటలో శక్తి వేడిగా మారును. ఒక్కొక్క పౌండు గాలి తగ్గుటకు మైలేజీలో నూటికి ఐదవవంతు పాలు మొదలు కాలుపాలు వరకు పోవును. గాలిని తెల్లవారుజామున, టైరు చల్లగా నున్నప్పుడు చూపించవలెను. చైత్ర వైశాఖముల మధ్యాహ్నమున తారు రోడ్డుపై పరుగెత్తి వచ్చిన టైరును చూచి గాలి ఎక్కువైనదని తీయించుట తప్పు.

తొమ్మిది వేల లీటర్ల గాలి

ఒక లీటరు పెట్రోలు చక్కగా మండుటకు ఎంత గాలి కావలెనో తెలిసినచో ఆశ్చర్యము కలుగును. తూకమున ఒక పాలు పెట్రోలుకు దాదాపు పదునైదు పాళ్ల గాలి కావలెను. పెట్రోలు ద్రవము, గాలి వాయువు. కావున కొలతకు వచ్చునప్పటికి ఒక లీటరు పెట్రోలుకు తొమ్మిది వేల లీటర్లకు మించిన గాలి పట్టును. పంటలు కోసి, వేరుసెనగ కట్టె ఎత్తిన పిదప ఎర్రనేలల ధూళి గాలిలో తేలుచుండు దినములలో, ఇంజను ఆ వేల లీటర్ల గాలితో పాటు ఎంత మట్టిని పీల్చుచుండునో ఊహింపవచ్చును. దానిని అడ్డగించునది ఎయిర్ ఫిల్టరు.

ఇచ్చట పాత బండికిని క్రొత్త బండికిని గల వ్యత్యాసము ముఖ్యమైనది. ఇంజెక్షను బండిలో ఫిల్టరు మూసుకొనిపోయినచో కంప్యూటరు తక్కువ గాలికి తక్కువ పెట్రోలునే పంపును. ఊపు తగ్గునుగాని మైలేజీ తగ్గదు. కార్బ్యురేటరు గ్రుడ్డిది. గాలి త్రోవ మూసుకొన్నకొలది అది పెట్రోలును ఎక్కువ పీల్చును. అమెరికాలోని ఓక్ రిడ్జి జాతీయ ప్రయోగశాలవారు ఈ రెండు రకముల బండ్లను పరీక్షించి, కార్బ్యురేటరు బండిలో మూసుకొనిపోయిన ఫిల్టరును మార్చినచో నూటికి రెండు మొదలు ఆరు పాళ్ల వరకు ఆదా కలుగునని తేల్చిరి. అనంతపురపు దుమ్ములో కంపెనీ పుస్తకము చెప్పిన కిలోమీటర్ల వరకు వేచియుండక ముందుగానే ఫిల్టరు మార్చుట ఖర్చు కాదు.

కార్బ్యురేటరు సరిగా నున్నదో లేదో తెలిసికొనుటకు స్పార్కు ప్లగ్గును విప్పి చూచుట అన్నిటికంటె సులభమైన ఉపాయము. కొంతదూరము నిలకడగా నడిపి, ఆపి, చల్లారిన పిదప ప్లగ్గును ఊడదీసి దాని కొనను వెలుతురున పట్టి చూడవలెను. నడుమనున్న తెల్లని పింగాణి ముక్కు లేత గోధుమవన్నెకు తిరిగియున్నచో మిశ్రమము సమముగా నున్నది. వ్రేలికి అంటు పొడి మసి నల్లగా పేరియున్నచో పెట్రోలు ఎక్కువగుచున్నది, అనగా మీ డబ్బు పొగగొట్టమున పోవుచున్నది. తడిగా నూనె జిడ్డుతో నల్లగా నున్నచో అది పెట్రోలు దోషము కాదు, రింగులు అరిగి ఆయిలు పైకి వచ్చుచున్నది. మరీ తెల్లగా పొక్కులెక్కియున్నచో పెట్రోలు చాలుటలేదు. ఇట్టి బండి మైలేజీ మంచిగానే ఇచ్చుచున్నట్లు తోచునుగాని కొన్నాళ్లకు వాల్వులు కాలును. చలికాలపు ఉదయమున చోకు లాగి స్టార్టు చేసి, దానిని మరల లోనికి త్రోయుట మరచి ఊరు దాటువారి ప్లగ్గులు ఎప్పుడును నల్లగానే యుండును.

వేసవిలో మరియొక చిక్కు వచ్చును. ఇంజను సీటు క్రింద మూసిన పెట్టెలో నుండుటచే, నడియెండలో ఆపిన కొంతసేపటికి పెట్రోలు పంపులోనే ఆవిరియై, బండి స్టార్టు కాదు. తడిగుడ్డను పంపుపై చుట్టి కాసేపు ఆగుట మన మెకానిక్కుల పాత చిట్కా. అది శాస్త్రసమ్మతమే, ఏలయన గుడ్డలోని నీరు ఆరుచు పంపునుండి వేడిని లాగికొనును. తడిగుడ్డకు ఓపిక లేక ఇంజను ఆపకుండ నిలుపువారు గంటకు సుమారు అర లీటరు చొప్పున ఊరక కాల్చుచున్నారు.

బంకులో జరుగునది

ఇంతవరకు బండిని చూచితిమి. ఇక బంకులో పోయు ద్రవమును చూతము. 2025 నాటికి మన దేశమున అమ్ము పెట్రోలులో ఇథనాలు సగటున నూటికి ఇరువది పాళ్లకు చేరినది. లీటరు ఇథనాలులో పెట్రోలుకంటె మూడవవంతు తక్కువ వేడిమి యుండును. ఇథనాలు కలపని పెట్రోలునకై నిర్మించి, పది పాళ్లకు సరిదిద్దిన నాలుగు చక్రముల బండ్లలో ఈ ఇరువది పాళ్ల పెట్రోలు వాడినచో నూటికి ఆరేడు పాళ్ల మైలేజీ తగ్గునని నీతి ఆయోగు 2021లో వెలువరించిన నివేదికయే చెప్పినది. కావున, బండిలో ఏమియు చెడకున్నను పాత వ్యాను మైలేజీ కొంత తగ్గియుండుట సహజము. ఇథనాలు పాత రబ్బరు గొట్టములను మెత్తబరచి, పగుల్చును. బండిలోనే పడుకొనువారు పెట్రోలు వాసన ఏమాత్రము తగిలినను ఆ గొట్టములను వెంటనే మార్పింపవలెను.

ఉదయపు చల్లదనమున పెట్రోలు పోయించినచో ఎక్కువ వచ్చుననుట ఒక ప్రియమైన నమ్మకము. పెట్రోలు పది డిగ్రీలు చల్లబడినచో నూటికి ఒక పాలు మాత్రమే కుదించుకొనును. బంకు ట్యాంకులు భూగర్భమున నుండును, అచ్చట పగలు రాత్రి భేద మంతగా తెలియదు. పొద్దున లేచినందున ఆరోగ్యము బాగుపడునేమో గాని పెట్రోలు పెరుగదు.

సరిహద్దు దాటి పోయించుకొనుట మాత్రము నమ్మకము కాదు, నిజమైన లెక్క. ఆంధ్రప్రదేశమున పెట్రోలుపై నూటికి 31 పాళ్ల వ్యాటు, ఆపైన లీటరుకు నాలుగు రూపాయలు, రోడ్ల సుంకమని మరియొక రూపాయి వసూలగుచుండుటచే, కర్ణాటకమున ధర తక్కువ. అందుచే హిందూపురము, మడకశిర, రాయదుర్గము ప్రాంతములవారు గౌరిబిదనూరు, పావగడ, బళ్లారి దిక్కుల బంకులపై కన్నువేసి యుందురు. భేదము లీటరుకు ఏడు రూపాయలనుకొందము. ముప్పది లీటర్లకు మిగులునది 210 రూపాయలు. కేవలము పెట్రోలుకై పన్నెండు కిలోమీటర్లు పోయి తిరిగి వచ్చినచో, లీటరుకు పదునాలుగు కిలోమీటర్లిచ్చు వ్యాను సుమారు 180 రూపాయల పెట్రోలు త్రాగును. మిగిలినది ముప్పది రూపాయలు. నడుమ హోటలులో ఇద్దరు కాఫీ త్రాగినచో అదియు చెల్లు. పనిమీద ఆ దిక్కునకు పోవువాడు నింపించుకొని రావలెను. పనిగట్టుకొని పోవువాడు నష్టపోవును.

బొగ్గు బస్సులు, గ్యాసు బండ్లు

పెట్రోలునే మార్చివేయుదమను ఆలోచన నేటిది కాదు. 1942 మార్చిలో రంగూను జపానువారి చేజిక్కి, బర్మానుండి వచ్చు చమురు ఆగిపోగా, మద్రాసు రాజధానిలోని బస్సులు కట్టెబొగ్గుతో నడచినవి. ఆనాటివారు దానిని బొగ్గు బస్సనిరి. బస్సు వెనుక నిలువెత్తు ఇనుప పీపాయి యుండెడిది. దానిలో బొగ్గు నింపి, నిప్పు రాజవేసి, చేతితో త్రిప్పు పంకతో విసరుచు చాలసేపు వేచినగాని బస్సు కదలెడిది కాదు. చాలినంత గాలి లేక మండిన బొగ్గు కార్బన్ మోనాక్సైడు అను వాయువును విడుచును; అది మండు వాయువే, దానినే ఇంజనుకు పంపెడివారు. కిలోన్నర బొగ్గు ఇంచుమించు లీటరు పెట్రోలు పని చేసెడిది. అయితే ఆ వాయువులో సగము మండని నైట్రోజనగుటచే ఇంజను బలము చాల పడిపోయి, ఎగువ వచ్చినప్పుడు ప్రయాణికులు దిగి త్రోయవలసివచ్చెడిది. యుద్ధము ముగిసి పెట్రోలు దొరకగానే పీపాయిలు పాతయినుములో కలిసినవి. నేడు అనంతపురము పల్లెలలో సర్కారుతుమ్మ బొగ్గు బస్తాలకు బస్తాలు దొరకుచున్నను ఆ విద్యను మరల తెచ్చువారు లేరు, అందుకు విచారింపనక్కరలేదు.

నేడు మనకు రెండు గ్యాసులు కలవు. వాహనముల ఎల్పీజీ లీటరులో పెట్రోలు వేడిమిలో ముప్పాతిక మాత్రమే యుండుటచే, నూరు లీటర్ల పెట్రోలు పనికి 133 లీటర్ల వరకు పట్టును. దాని ధర పెట్రోలు ధరలో మూడింట రెండు వంతులున్నచో, నూరు రూపాయల పని 89 రూపాయలకు జరుగును. సీఎన్‌జీ తూకమున అమ్మబడును. లీటరుకు 14 కిలోమీటర్లిచ్చు వ్యాను కిలోకు ఇరువది వరకు ఇయ్యగలదు, బలము పదవవంతు తగ్గును. బండిని గ్యాసునకు మార్చు కిట్టు ఖర్చు ఏబది వేలనియు, కిలోమీటరుకు మూడు రూపాయల ముప్పది పైసలు మిగులుననియు అనుకొన్నచో, పెట్టిన సొమ్ము తిరిగి వచ్చుటకు పదునైదు వేల కిలోమీటర్లు తిరుగవలెను. దినమునకు నూరు కిలోమీటర్లు బడిపిల్లలనో, కూరగాయలనో మోయువానికి అది అయిదు నెలల మాట. యేటికి మూడు వేల కిలోమీటర్లు తీర్థయాత్ర చేయువానికి అయిదేండ్ల మాట. సీఎన్‌జీ సిలిండరు గాలి పీడనమునకు రెండు వందల రెట్లు ఒత్తిడిని ఓర్వవలసిన మందపాటి ఉక్కు పాత్ర. పది కిలోల గ్యాసునకై అది అరువది కిలోల బరువుతో, ఏ పడకకై మీరు వెనుక సీటు తీయించితిరో ఆ పడక చోటునే ఆక్రమించును. పడుకొనుటకు వాడు వ్యానునకు నా యభిప్రాయమున పెట్రోలే తగినది.

కిట్టు పెట్టించువారు ఆమోదము పొందిన కిట్టునే పెట్టించి, రవాణాశాఖవారి వద్ద ఆర్‌సీలో వ్రాయించవలెను; సీఎన్‌జీ సిలిండరును మూడేండ్లకొకమారు పరీక్ష చేయించవలెను. వంటింటి సిలిండరునుండి గొట్టముతో గ్యాసు ఎక్కించుట నేరము మాత్రమే కాదు. ఆ గ్యాసు గాలికంటె బరువైనదగుటచే కారినది కారినట్లు వ్యాను నేలపై, పరుపు క్రిందనే పేరుకొనును. బండిలో వండుకొనువారు తలుపు తెరచి వండవలెను. నాటి బొగ్గు బస్సు ఇంజనును నడిపిన కార్బన్ మోనాక్సైడే నేటి మీ పొగగొట్టమునుండియు వచ్చును. దానికి రంగు లేదు, వాసన లేదు. ఇంజను నడచుచుండగా వ్యానులో ఎవ్వరును నిద్రింపకుడు.